సుబ్బి ధర పద్దెనిమిది లక్షలు చేశాం, నాటకం తలకిందులైంది

ప్రశ్న: కన్యాశుల్కం లాంటి పాత హాస్య నాటకాన్ని ఇప్పటి ప్రేక్షకులకు నచ్చేలా ఎలా మార్చాలి?

మార్చడం తర్వాత సంగతండీ, ముందు చెడగొట్టకుండా ఉండగలిగితే చాలు. మేం చెడగొట్టిన వాళ్లం కాబట్టి చెప్తున్నాను.

ఆడపిల్ల తండ్రి మగపెళ్లివారి దగ్గర డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చే పాత ఆచారం, అదే కన్యాశుల్కం, దాని మీద గురజాడ అప్పారావు రాసిన నాటకం ఇది. కొన్నేళ్ల కిందట మా శని, ఆదివారాల నాటక బృందం దీన్ని వేసింది. 1909 నాటి రెండో కూర్పులో ఏడంకాలు. ఉన్నదున్నట్టు వేస్తే తెల్లారిపోతుంది. మాకు హాలు దొరికింది మూడు గంటలు, అందులో సన్మానాలకీ శాలువాలకీ ముప్పావు గంట పోయింది. (ఈ శాలువాల మీద ఎవరైనా విడిగా ప్రశ్న అడగండి, కడుపులో ఉన్నదంతా రాస్తాను.) కాబట్టి కత్తిరింపు తప్పదు, దానికి నేనేమీ అనను. కానీ మా దర్శకుడుగారికి కత్తిరింపు సరిపోలేదు. "ఈ తరానికి కనెక్ట్ అవ్వాలి" అన్నారు. అగ్రహారం పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది. మాటకారి మోసగాడు గిరీశం చేతికి చుట్ట బదులు ల్యాప్‌టాప్. డబ్బిచ్చి చిన్నపిల్లని చేసుకోబోయే ముసలి లుబ్ధావధాన్లు రియల్ ఎస్టేట్ ఆసామి. ఆ పిల్ల సుబ్బికి కట్టిన ధర 1,800 రూపాయలు కాస్తా 18 లక్షలయింది.

సుబ్బి తండ్రి అగ్నిహోత్రావధాన్లు వేషం నాది. బేరం సంగతి వచ్చే చోట పద్దెనిమిది లక్షలని గర్వంగా చెప్పి, నవ్వు కోసం ఆగాను. నవ్వు రాలేదు. మూడో వరసలోంచి ఎవరో ఆవిడ "అయ్యో పాపం" అంది, స్టేజీ మీదకి వినబడేలా. తర్వాత "తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి" అని అరిస్తే చప్పట్లు! వెటకారం చప్పట్లు కావు, తిప్పలు పడి పిల్ల పెళ్లి కుదిర్చిన తండ్రికి కొట్టే చప్పట్లు. తెర పడ్డాక గానీ బోధపడలేదు, ఆ 18 లక్షలూ నేనే ఇస్తున్నాననుకున్నారు జనం. కట్నం అనుకున్నారండీ! అపార్ట్‌మెంటు, ఆడపిల్ల తండ్రి, లక్షలు... వాళ్లు మాత్రం ఇంకేమనుకుంటారు? కూతుర్ని అమ్ముకునేవాడు కూతురి కోసం అప్పులపాలయ్యేవాడిగా మారిపోయాడు. నా నటన బాగుందని మెచ్చుకున్నారు కూడా, అదొక అవమానం.

రెండోసారి వేసినప్పుడు పంచెలు, అగ్రహారం, 1,800 అన్నీ వెనక్కి తెచ్చాం. తెర తీసే ముందు గురజాడ పీఠికలో ఇచ్చిన లెక్క ఒకటి చదివించాం. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలని విజయనగరం మహారాజు సేకరింపజేసిన లెక్క. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల వాళ్లు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. అంతే, వ్యాఖ్యానం లేదు. ఆ తర్వాత నేను 1,800 అన్నప్పుడు హాలంతా నవ్వింది, నవ్వి సగంలో ఆగింది. నాకు కావలసింది ఆ ఆగడమే.

ఇప్పటివాళ్లకి అర్థం కాదని మనం తీసేసేవాటిలో సగం, ఇప్పటివాళ్లకే బాగా అర్థమవుతాయి. సుబ్బి తల్లి వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషు మాట్లాడమంటే గిరీశం, అతని శిష్యుడైన ఆవిడ కొడుకు వెంకటేశం పద్యాల ముక్కలూ పాఠాల ముక్కలూ విసురుకుంటారు చూడండి, గిరీశం "ట్వింకిల్ ట్వింకిల్" అనగానే ముందు వరస పిల్లలు అందుకుని పాట మొత్తం పాడేశారు! వెంకమ్మ వేసినావిడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంగ్లీషు రాని అమ్మ ముందు అది మహా పాండిత్యం, వచ్చిన వాళ్ల ముందు బండారం. ల్యాప్‌టాప్ ఏం చేస్తుందండీ ఇక్కడ?

యాస జోలికి కూడా పోకండి. సినిమాల పుణ్యమా అని ఉత్తరాంధ్ర మాట వినగానే కమెడియన్ వచ్చాడనుకోవడం అలవాటైంది. ఈ నాటకంలో పంతుళ్లూ అవధానులూ కూడా ఆ నేల మాటే మాట్లాడతారు. దాన్ని సాగదీసి వెక్కిరింపుగా పలికితే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఇంకొకటి. "ఫ్యామిలీ ఆడియెన్స్" వస్తారని వేశ్య మధురవాణిని తగ్గించేద్దామన్నారు మా బృందంలో కొందరు. ఆవిడ లేకపోతే జిత్తులమారి రామప్పపంతుల్ని ఆడించేదెవరు? మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికెళ్లేదెవరు? చివరికి ఆవిడ వల్ల బండారం బయటపడి గిరీశం "డామిట్" అనాల్సిన అవసరమే రాదు. నేను ఒప్పుకోలేదు. ఆవిడ సీన్లన్నీ ఉంచాం. టైమెక్కడిదంటారా? శాలువాలు నాటకం అయిపోయాక కప్పుకోమన్నాం. అప్పటికి ముఖ్య అతిథిగారు వెళ్లిపోయారు.