మిలిటరీ బ్యాండ్ అంటే పెళ్లి బ్యాండ్ మేళమా?

ప్రశ్న: మాది బెంగళూరు, హలసూరు. మా అబ్బాయి సెకండ్ పీయూసీ చదువుతున్నాడు, పదిహేడు దాటాయి. ఆరేళ్లుగా చర్చిలో ట్రంపెట్ వాయిస్తున్నాడు. మానెక్‌షా పరేడ్ గ్రౌండ్‌లో రిపబ్లిక్ డేకి మిలిటరీ బ్యాండ్‌ని చూసొచ్చాక, చేరితే అందులోనే చేరతానంటున్నాడు. "పెళ్లి బ్యాండ్ మేళానికి యూనిఫాం తొడిగితే ఉద్యోగమైపోతుందా?" అని వాళ్ల నాన్న ఎగతాళి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఉద్యోగమేనమ్మా. కాకపోతే ముందు సిపాయి ఉద్యోగం, ఆ తర్వాతే సంగీతం. ఈ వరస బుర్రకెక్కకుండా వెళ్లిన పిల్లలే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

మీ వారి ఎగతాళి సంగతి ముందు తేల్చేద్దాం. మిలిటరీ బ్యాండ్ పెళ్లి బ్యాండ్‌ని చూసి పుట్టలేదు. పెళ్లి బ్యాండే దాన్ని చూసి పుట్టింది. ఆ ఎర్రకోటు, భుజాల మీది జరీ కుచ్చులు మరెక్కణ్ణుంచి వచ్చాయి? మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండ్‌లు వాయించిన బాణీలు విని ముత్తుస్వామి దీక్షితర్ సంస్కృత సాహిత్యం కట్టారు. మనం నొట్టుస్వరాలు అంటున్నవి అవే. మీ ఇంటికి దగ్గర్లో, చెరువు పక్కనే ఉన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ 1780 నాటిది. అలాంటి రెజిమెంట్లకు బ్యాండ్ అలంకారం కాదు. తేజ్ చల్ (వేగపు కవాతు)లో నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు. వందలమంది కాళ్లు ఒక్కసారి నేలను తాకాలంటే డ్రమ్ముదే భారం. నిద్ర లేపడం నుంచి అమరులకు వీడ్కోలు దాకా అంతా బ్యూగిల్ పిలుపులతోనే. యుద్ధం వస్తే బ్యాండువాళ్లు వాయిద్యాలు పక్కనపెట్టి, గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోస్తారు. మీ అబ్బాయి ఈ మాట ఇప్పుడే వినాలి.

ఇక చేరే దారి. మీ వాడికి అన్నిటికన్నా సూటైనది ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్‌వాయు (మ్యుజీషియన్), అంటే నాలుగేళ్ల అగ్నివీర్ పథకంలో వాద్యకారుడి ఉద్యోగం. పదో తరగతి చాలు, పెళ్లి కాకూడదు, పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి లోపు వయసుండాలి, అమ్మాయిలూ అర్హులే. ఇటీవలి భర్తీ ర్యాలీలకు బెంగళూరు కబ్బన్ రోడ్డులోని ఎయిర్‌మెన్ సెలక్షన్ సెంటర్ ఒక వేదిక. నేవీలో అగ్నివీర్ ఎంఆర్ (మ్యుజీషియన్) ఉంది, ఎంఆర్ అంటే మెట్రిక్ రిక్రూట్. మొదటి శిక్షణ ఒడిశాలోని చిల్కాలో, సంగీతం ముంబైలోని ఐఎన్‌ఎస్ కుంజలిలో. ఆర్మీలో అయితే ట్రంపెట్ వచ్చినంత మాత్రాన కోరుకున్న రెజిమెంట్ బ్యాండే దొరుకుతుందన్న హామీ లేదు. చేరాక పైకి రావాలంటే పచ్‌మఢీలోని మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో కోర్సులు చేయాలి. 1950లో అప్పటి సైన్యాధిపతి కరియప్ప చొరవతో వచ్చిన సంస్థ అది. బ్యాండ్ మాస్టర్లు తయారయ్యేది అక్కడే.

ఎయిర్‌ఫోర్స్ పరీక్షలో మగపిల్లలు 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి. 10 పుషప్‌లు, 10 సిటప్‌లు, 20 స్క్వాట్‌లు, ఒక్కోదానికి ఒక్కో నిమిషం. ఇంగ్లీషు రాత పరీక్ష కూడా ఉంటుంది. ఇవి మూడు నెలల సాధనతో వస్తాయి. సంగీతం దగ్గరే అసలు చిక్కు. చర్చిలో విని వాయించే పిల్లలకు చెవి బాగుంటుంది, కాగితం చదవడం రాదు. సిద్ధం చేసుకున్న పాట అదరగొడతారు, ఎదుట కొత్త నొటేషన్ పెడితే తడబడతారు. రోజూ ముందు చూడని నొటేషన్‌లో ఎనిమిది బార్లు (తాళం గళ్లు) తీసుకుని, మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) పెట్టి, తప్పు పోయినా ఆగకుండా చివరిదాకా వాయించడం అలవాటు చేయించండి. మధ్యలో ఆగి దిద్దుకునేవాడు బ్యాండ్‌లో పనికిరాడు, పక్కవాళ్లు ఆగరు కదా!

రెండో చిక్కు ట్రంపెట్‌దే. అది బి ఫ్లాట్ వాయిద్యం. కాగితం మీద సి వాయిస్తే బయటికి బి ఫ్లాట్ వినిపిస్తుంది. "కన్సర్ట్ బి ఫ్లాట్ స్కేల్ వాయించు" అంటే తన కాగితం ప్రకారం సి స్కేల్ వాయించాలని తెలియక చాలామంది తేలిపోతారు. మూడోది, చల్లటి వాయిద్యం శ్రుతి తక్కువగా పలుకుతుంది. పొద్దున్నే ర్యాలీకి వెళ్లి నేరుగా శ్రుతి చేస్తే, వేడెక్కాక స్వరం పైకి పోతుంది. పది నిమిషాలు వాయించి, అప్పుడు ట్యూనింగ్ స్లయిడ్ (శ్రుతి మార్చే జారుడు గొట్టం) సరిచేయాలి. మౌత్‌పీస్‌ను పెదవులకు అదిమి పై స్వరాలు లాగే అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి. అయిదు నిమిషాల్లో పెదవి చచ్చుబడుతుంది. మందు ఒక్కటే, రోజూ పావుగంట దీర్ఘ స్వరాలు, మెత్తగా. పాట కూడా పాడిస్తారు, ఇంట్లో సిగ్గు వదిలించండి. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల గ్రేడ్ సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కానీ అక్కడ వాయించేదే లెక్క.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. మొదటి ఏడు నెలకు 30,000, చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడు 40,000, చేతికి 28,000. కోత సొమ్ముకు ప్రభుత్వం అంతే కలిపి, నాలుగేళ్లకు వడ్డీ కాక 10.04 లక్షలు ఇస్తుంది. ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. అంటే నలుగురిలో ముగ్గురు నాలుగేళ్లకే ఇంటికొస్తారు. అందుకే పీయూసీ వదిలి వెళ్లనివ్వొద్దు, సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ మొదలుపెట్టించండి. బయటికొస్తే రాష్ట్ర పోలీసులకు, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లకు సొంత బ్యాండ్‌లున్నాయి. స్కూళ్లకూ బ్యాండ్ మాస్టర్లు కావాలి. సీటు ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లు ర్యాలీ గేటు బయటే తిరుగుతుంటారు, పైసా ఇవ్వొద్దు.

ఈ వారమే రెండు పనులు చేయండి. పళ్ల డాక్టర్‌కీ, చెవుల డాక్టర్‌కీ చూపించండి. ముందుపళ్లలో తేడా ఉంటే ట్రంపెట్‌కే కష్టం, వినికిడిలో లోపముంటే మెడికల్‌లో ఆగిపోతాడు. చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలన్న సరదా ఏమైనా ఉంటే, నోటిఫికేషన్‌లో ఆ నిబంధన చదివేదాకా ఆపమనండి.