మీరడిగారు: మన్యం కాఫీ ఓడెక్కాలంటే

ప్రశ్న: ముప్పై మంది చిన్న రైతులం కలిసి 3 టన్నుల పచ్చి కాఫీ గింజలు సిద్ధం చేసుకున్నాం. జర్మనీ వ్యాపారి ఒకాయన నేరుగా కొంటానంటున్నారు. దళారి లేకుండా విశాఖ రేవు నుంచి మేమే పంపుకోవచ్చా? ఎక్కడ దెబ్బతింటాం?
- ఒక రైతు సంఘం, పాడేరు

జవాబు: తప్పకుండా పంపుకోవచ్చు. కాకపోతే బస్తాల కంటే ముందు కాగితాలు కదలాలి. సంఘం పేరున పాన్, బ్యాంకు ఖాతా ఉంటే కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ (డీజీఎఫ్‌టీ) వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి ఎగుమతి దిగుమతులకు కావలసిన కోడ్ నంబరు, అంటే ఐఈసీ తీసుకోండి. కాఫీ బోర్డులో ఎగుమతిదారుగా నమోదు చేయించుకోండి. విదేశీ డబ్బు మీ ఖాతాకు రావడానికి బ్యాంకు ఇచ్చే 14 అంకెల ఏడీ కోడ్‌ని విశాఖ రేవుకు సంబంధించి కస్టమ్స్‌లో ఎక్కించాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. అది లేకపోతే షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో పెట్టే పత్రం) ముందుకు పోదు, ఈలోగా గోదాము అద్దె మీ నెత్తిన పడుతుంది. జీఎస్టీ పడే సరుకైతే, ఆ పన్ను ముందే కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం కావాలి, దాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా పెట్టుకోవాలి. సరుకులో తెగుళ్ళు, పురుగులు లేవని మొక్కల క్వారంటైన్ వారిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌కూ ముందుగానే దరఖాస్తు చేయండి. మిగతా పని కస్టమ్స్ ఏజెంటు చూస్తాడు. కానీ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మూడింటిలో సంఘం పేరు, బస్తాల లెక్క, బరువు ఒకేలా ఉన్నాయో లేదో మీరే కూర్చుని సరిచూడండి. ఎల్‌సీ మీద, అంటే కాగితాలు సరిపోతే డబ్బిస్తానని కొనేవారి బ్యాంకు ఇచ్చే హామీ మీద అమ్మితే, చిన్న తేడా వచ్చినా బ్యాంకు డబ్బు ఆపేయవచ్చు.

జర్మనీ అంటున్నారు కాబట్టి ఇంకో సంగతి. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ తమకు వద్దని యూరప్ 2023లో చట్టం చేసింది. అమలు తేదీ వాయిదాలు పడుతూ వచ్చింది గానీ, కొనేవాళ్ళు ఇప్పటికే రుజువులు అడుగుతున్నారు. 4 హెక్టార్ల లోపు తోటకు ఒక్క జీపీఎస్ బిందువు చాలు, దాని అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ చుక్క తర్వాత ఆరు అంకెలు ఉండాలి. ముప్పై తోటలూ ఫోన్ పట్టుకుని తిరిగి నమోదు చేయడం రెండు మూడు రోజుల పని. పక్కన అటవీ హక్కుల పట్టా నకలు పెట్టుకోండి. నీడ చెట్ల కిందే కాఫీ పండించే మన్యం రైతుకు ఈ చట్టం అడ్డంకి కాదు, సరిగ్గా వాడుకుంటే బలం. అరకు కాఫీకి 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా బేరంలో చెప్పుకోదగ్గదే.

ఇక సరుకు. 20 అడుగుల కంటైనర్‌లో 60 కిలోల బస్తాలు 320 దాకా పడతాయి, అంటే 19.2 టన్నులు. మీవి 50 బస్తాలే. కాబట్టి ఇతరుల సరుకుతో కలిపి పార్ట్ లోడ్‌లో వెళ్తాయి. అసలు ప్రమాదం అక్కడే. పచ్చి గింజ పక్కనున్న వాసనంతా పీల్చేస్తుంది. మిరపకాయలో చేపపిండో పక్కన పడితే ఆ కాఫీని రుచి చూసినవాడు మళ్ళీ కొనడు. ‘ఘాటు సరుకు పక్కన పెట్టం’ అని ఫార్వర్డర్ (ఓడలో సరుకు పంపే ఏర్పాట్లు చూసే ఏజెంటు) చేత రాయించుకోండి. గోనెసంచి లోపల గాలి చొరబడని లైనర్ సంచి వేయండి.

రెండో శత్రువు తేమ. గింజలో తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలి, మీటరు పెట్టి ప్రతి బస్తా చూడండి. మన ఉక్కపోతలో మూసిన కంటైనర్ చలిదేశం చేరేసరికి లోపలి ఆవిరి పైకప్పుకు పట్టి చినుకుల్లా రాలుతుంది. దాన్నే కంటైనర్ చెమట అంటారు. బస్తాల మీద క్రాఫ్ట్ కాగితం పరిపించి, తేమ పీల్చే సంచులు వేలాడదీయించండి. చెక్క ప్యాలెట్లు వాడితే 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడిచేసిన ముద్ర ఉండాలి, లేకుంటే అవతలి రేవులో ఆపేస్తారు.

ధర మాట. అరబికా రకం కాఫీకి న్యూయార్క్ మార్కెట్ ధరే కొలబద్ద, పౌనుకు ఇన్ని సెంట్లని చెబుతారు. పౌను 453.6 గ్రాములు. 300 సెంట్లంటే కిలోకు 6.61 డాలర్లు. 2021 జులైలో బ్రెజిల్‌లో గడ్డకట్టే మంచు పట్టి తోటలు మాడితే ఆ ధర ఎగబాకింది. అందుకే రోజూ చూడండి, బేరం ఆ ధర మీద ఎంత ఎక్కువ అన్న లెక్కలో కుదుర్చుకోండి. మొదటిసారి కాబట్టి కొంత అడ్వాన్సు పుచ్చుకుని, ఎఫ్‌వోబీ విశాఖపట్నం మీద, అంటే విశాఖలో సరుకు ఓడ ఎక్కేదాకానే మీ బాధ్యత అన్న షరతు మీద అమ్మండి. ఓడ కిరాయి, దారిలో ఆలస్యం కొనేవారి తలనొప్పి అవుతాయి. 2023 చివర నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టి వెళ్ళినప్పుడు యూరప్ ప్రయాణం పది పదిహేను రోజులు పెరిగిన సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: విశాఖకు సముద్రగర్భ కేబుళ్ళు వస్తాయంటున్నారు. ఇంట్లో నెట్ వేగం పెరుగుతుందా? మా వేటకు ఇబ్బందా?
- ఒక పాఠకుడు, పెదజాలారిపేట

జవాబు: 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన విశాఖ ప్రాజెక్టులో కేబుళ్ళు ఒడ్డు చేరే కేంద్రం కూడా ఉంది. ఇంటి వేగం ఎక్కువగా మీ వీధి లైను, వైఫై మీద ఆధారపడుతుంది, కాబట్టి దానిపై ఆశ పెట్టుకోకండి. లాభం వేరే. కేబుల్‌లో వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి వెలుగుకు దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది, దగ్గరి దారి ఉంటే ఆ మేరకు కలిసొస్తుంది. ముంబై, చెన్నై వైపు కేబుల్ తెగినా ఇంకో దారి మిగులుతుంది.

వేట సంగతి నిజంగా పట్టించుకోవలసింది. ప్రపంచంలో కేబుళ్ళు తెగేది ఎక్కువగా ట్రాల్ వలల వల్ల, లంగర్ల వల్ల. లోతులో కేబుల్ తోటకు నీళ్ళు పట్టే పైపంత లావే ఉంటుంది, ఒడ్డు దగ్గర ఉక్కు తొడుగు వేసి ఇసుకలో పాతుతారు. వలకు తగిలితే లాగొద్దు, కోయొద్దు. అందులో వేల వోల్టుల కరెంటు పారుతుంది. వల వదిలేసి జీపీఎస్ స్థానం రాసుకుని కోస్ట్‌గార్డ్‌కు చెప్పండి. పనులు మొదలయ్యే ముందే కేబుల్ దారి అక్షాంశ రేఖాంశాలు, పోయిన వలకు పరిహారం ఎలా ఇస్తారన్నది మీ సొసైటీ తరఫున రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా తమ్ముడికి కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమట. లక్షన్నర అడుగుతున్నారు. పంపాలా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: పంపకండమ్మా. సరిగ్గా ఈ మాటే చెప్పి యువకులను అక్కడికి పంపి, సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024 మే నెలలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. ఏ దేశమైనా మూడు చూడండి. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందా? ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ కలిపిన మొత్తాన్ని దాటిందా? వీసా ఉద్యోగానిదా, టూరిస్టుదా? టూరిస్టు వీసా మీద పనికి వెళ్ళమన్నారంటే అక్కడితో మాటలు ఆపేయండి. డబ్బు ఇప్పటికే కట్టి ఉంటే రసీదులు, వాట్సాప్ సంభాషణలు చెరపకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఇవాళే ఫిర్యాదు చేయండి.