గాంధారాన్ని గుంజకండి, కీబోర్డును జరపండి

ప్రశ్న: మా బాపమ్మ పాడే బతుకమ్మ పాటలు ఫోన్‌లో రికార్డు చేసి, కంప్యూటర్‌లో వాటి కింద కీబోర్డు వాయిద్యాలు కలుపుతున్నాను. గాంధారం (‘గ’ స్వరం) దగ్గరికి రాగానే రెండూ కొట్టుకుంటున్నాయి. అంతర గాంధారం మెట్టు నొక్కితే ఎక్కువైనట్టు, సాధారణ గాంధారం నొక్కితే తక్కువైనట్టు ఉంది. పిచ్ సరిచేసే ప్లగిన్ వేస్తే స్వరాలు కలిశాయి గానీ ఆ గొంతు మా బాపమ్మది కాకుండా పోయింది. ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే షడ్జమం (‘స’) 202 హెర్ట్జ్, గాంధారం 248 హెర్ట్జ్ వచ్చాయి. బాపమ్మ శ్రుతి తప్పుతోందా?
- ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తప్పడం లేదు. ముందు ఆ అనుమానం తీసేయండి, దాంతోపాటు ఆ ప్లగిన్ కూడా తీసేయండి. మీరు పంపిన రెండు అంకెలతోనే లెక్క కడితే షడ్జమం నుంచి గాంధారానికి 355 సెంట్ల దూరం వస్తుంది (సెంటు అంటే స్వరాల మధ్య దూరానికి కొలత; 248ని 202తో భాగించి, రెండు ఆధారంగా లాగరిథమ్ తీసి, 1200తో గుణించాలి, స్థాయి మొత్తానికి 1200 సెంట్లు). కీబోర్డులో మెట్టుకూ మెట్టుకూ మధ్య సరిగ్గా 100 సెంట్లు ఉంటాయి కాబట్టి అక్కడ 300 ఉంది, 400 ఉంది, నడుమ ఏమీ లేదు, మీ బాపమ్మ గాంధారమేమో ఆ నడుమనే ఉంది. షడ్జమానికి 5/4 రెట్లు ఉండి తంబురాతో హాయిగా కలిసే గాంధారమైనా 386 దగ్గర ఉంటుంది గానీ 400 దగ్గర కాదు.

షడ్జమం సంగతీ అంతే. హార్మోనియం మెట్ల లెక్కలో ఐదు శ్రుతి అంటే 196 హెర్ట్జ్, ఐదున్నర అంటే దాదాపు 207.7, ఆమెది రెంటికీ మధ్య. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్ల ముందు శ్రుతిపెట్టె ఎవరూ పెట్టరు కదా, పాట ఎత్తుకున్నామె గొంతే అందరికీ శ్రుతి. హార్మోనియం మెట్లు మన గమకాలను పలకలేవనే వాదనతోనే ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. మన ఊళ్లలో భజనలన్నీ హార్మోనియంతోనే నడుస్తున్నాయి కాబట్టి ఆ నిషేధాన్ని నేను సమర్థించను, కానీ ఇప్పుడు మీకు వచ్చిన చిక్కు అదే.

ఒకే కొలతను నమ్మకండి. ‘ఉయ్యాలో’ అని సాగదీసే చోట గొంతు కదలకుండా నిలిచిన గాంధారాలు ఓ పది చూసి కొలవండి, జారే చోట్లు వదిలేయండి, అన్నీ 355కు అటూఇటూగా వస్తే అదే ఆమె గాంధారం. పాట సాగుతున్నకొద్దీ శ్రుతి కొంచెం పైకి పోవడం మామూలే, అందుకని ప్రతి చరణంలోనూ షడ్జమాన్ని కూడా చూడండి.

ఇక కీబోర్డు. సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ (కంప్యూటర్‌లో వాయిద్యాల ధ్వనులు పుట్టించే సాఫ్ట్‌వేర్) ఉచితంగానే దొరుకుతుంది, దాంట్లో ట్యూనింగ్ మెనూ ఉంది. అది స్కాలా ఫైళ్లను చదువుతుంది, అంటే మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసుకోగల చిన్న ఎస్‌సీఎల్ ఫైలు. మొదటి వరుసలో పేరు, రెండో వరుసలో స్వరాల సంఖ్య 12, ఆ తర్వాత వరుసకొకటి చొప్పున పన్నెండు స్వరాల సెంట్లు. షడ్జమాన్ని రాయకూడదు, లెక్క దాని తర్వాతి మెట్టు నుంచి మొదలై పై షడ్జమం 1200.0తో ముగుస్తుంది. అంతర గాంధారం మెట్టు నాలుగోది, అక్కడ 400.0కు బదులు 355.0 పెట్టండి. పంచమం 702.0, శుద్ధ మధ్యమం 498.0 పెడితే మరీ మంచిది, మిగతావి ఆమె పాడినదాన్ని బట్టి. ఆ చుక్క మాత్రం మరిచిపోవద్దు! చుక్క లేకుండా ఉత్త 355 అని రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని సెంట్లుగా కాక 355 రెట్లుగా తీసుకుంటుంది, అప్పుడు ఆ మెట్టు నుంచి వచ్చేది చెవులు చిల్లులు పడే కీచు. షడ్జమం కోసం కేబీఎం అని ఇంకో ఫైలు ఉంటుంది, అందులో మిడీ 60వ మెట్టుకు 202.0 హెర్ట్జ్ అని ఇస్తే చాలు, నడిమి సీ నొక్కగానే మీ బాపమ్మ షడ్జమం పలుకుతుంది.

స్కాలా ఫైళ్లను చదవని వాయిద్యాలతోనే ఇబ్బంది. వాటికి పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే ఏర్పాటు) ఒక దారి: రేంజి రెండు అర్ధస్వరాలకు పెట్టుకుంటే ఒక్కో వైపు 200 సెంట్లకు 8192 అంచెలు, అందులో 45 సెంట్లు దించాలంటే సుమారు 1843 అంచెలు కిందికి. అయితే బెండ్ ఆ ఛానెల్ మొత్తాన్ని జరిపేస్తుంది, గాంధారంతోపాటు పంచమం నొక్కితే అదీ కిందికి జారుతుంది, కాబట్టి ఒంటి స్వరానికైతే సరే, కార్డులకు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలకు) పనికిరాదు. అసలు ఈ పాటకు కార్డులే వద్దంటాను. షడ్జమం, పంచమం కింద సన్నగా మోగనివ్వండి, గాంధారాన్ని పూర్తిగా ఆమె గొంతుకే వదిలేయండి, ఒకసారి అట్లా విన్నాక మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ట్యూనింగుల జాబితాలో ‘22’ అని కనిపించింది. అది మన 22 శ్రుతులేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పేరు పక్కన సమాన విభజన అని ఉంటే కాదు. అది స్థాయిని 22 సమభాగాలు చేసినది, ఒక్కోటి 54.5 సెంట్లు, దాంట్లో పంచమం 709 దగ్గర పడుతుంది, అంటే తంబురా పంచమం కంటే ఏడు సెంట్లు ఎక్కువ, తంబురా పెట్టుకుని వింటే ఆ తేడా చెవికి తగులుతుంది. నాట్యశాస్త్రం షడ్జ గ్రామం అనే పాత స్వరవరుసలో ఆ 22 శ్రుతులను (స్వరాల మధ్య సన్నని దూరాలను) నాలుగు, మూడు, రెండు, నాలుగు, నాలుగు, మూడు, రెండు అని స్వరాలకు పంచింది గానీ వాటిని సెంట్లలో కొలవలేదు. మీ రాగానికి కావలసిన స్వరాలు ఏడో ఎనిమిదో ఉంటాయి, వాటినే పైన చెప్పినట్టు ఫైలులో రాసుకోండి, 22 మెట్ల కీబోర్డుతో కుస్తీ అక్కర్లేదు.