ఉత్తర, హస్త కార్తెల్లో అచ్చంపేట–అమ్రాబాద్ దిక్కు వాన ఎట్లుంటది?

సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ సగం దాకా నల్లమల గుట్టల కింద వాన ఎట్లుంటది, పల్లి ఎప్పుడు వేయాలె, పగిలిన పత్తిని ఏం చేయాలె అని అడిగిన్రు.

ఈ దిక్కు సెప్టెంబర్ అంటే వాన తగ్గిపోయే నెల అనుకోవద్దు. నైరుతి రుతుపవనాలు పడమటి రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లేది మామూలుగా సెప్టెంబర్ 17న. మన దగ్గరి నుంచి పోయేసరికి అక్టోబర్ రెండో వారం అయితది. ఈ నడుమ వాన రెండు తీర్ల వస్తది.

మొదటిది మధ్యాహ్నం వాన. పొద్దున ఆకాశం తేటగా ఉండి ఉక్కపోస్తది. పన్నెండు దాటినంక గుట్టల మీద మబ్బు గోపురంలా లేస్తది, మూడింటి నుంచి ఉరుములు. వేడెక్కిన గాలి గుట్ట వాలు మీదికి ఎక్కుతది గనక మబ్బు అక్కడే ముందు పుడతది. ఒక ఊర్లో చెరువు నిండితే పక్క ఊర్లో దుమ్ము కూడా అణగదు. అందుకే జిల్లా మొత్తానికి చెప్పిన సూచన చూసి దీన్ని అంచనా వేయలేం. ఈ వానతో పిడుగులు కూడా పడతయి. ఫోన్‌లో పిడుగు హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకోండి, ఉరుము వినబడితే చెట్టు కిందికి మాత్రం పోవద్దు.

రెండోది బంగాళాఖాతం అల్పపీడనం. తూర్పు గాలి, రోజంతా బూడిద రంగు మబ్బు, రాత్రి కూడా ఆగని వాన, రెండు మూడు రోజులు. ఇది నాలుగైదు రోజుల ముందే తెలుస్తది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణ మీదుగానే పోయింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను కూడా ఈ దిక్కు గట్టిగానే కురిసింది. కార్తె దాటిందని ధీమాగా ఉండొద్దనేది అందుకే. కృష్ణ ఒడ్డున పొలం ఉన్నోళ్లు ఇక్కడి వానతో పాటు ఎగువ వాన కూడా చూడాలె. 2009 అక్టోబర్ మొదట్లో అలంపూర్ మునిగింది కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారే పొంగడంతోనే.

పల్లికి వస్తే: పెద్ద వాన పడ్డ మర్నాడే విత్తనం వేయొద్దు. చల్క (ఎర్ర ఇసుక) నేలలో రెండు మూడు రోజులు ఆగి పిడికెడు మట్టి తీసి నొక్కండి. ముద్ద కట్టి, కింద వేస్తే చెదిరితే పదును సరిపోయినట్టు. బురదలో వేస్తే గింజ కుళ్లుతది, పైన పొర గట్టిపడి మొలక రాదు. లోతు 5 సెం.మీ. మించొద్దు. సాళ్ల మధ్య 22.5, మొక్కల మధ్య 10 సెం.మీ. కిలో గింజకు 3 గ్రాముల మాంకోజెబ్ (తెగులు మందు) పట్టించి నీడలో ఆరబెట్టండి, తడి నేలలో మొదలుకుళ్లు చాలా వరకు ఆగుతది. వేసినంక వాన పడి పొర కడితే స్ప్రింక్లర్‌తో పలుచగా తడి ఇవ్వాలె. అల్పపీడనం హెచ్చరిక ఉంటే వారం ఆగడమే మేలు, కానీ నవంబర్‌లోకి జరపొద్దు, చలికి మొలక ఆలస్యం అయితది.

పత్తిలో నీళ్లు నిలిస్తే ముందు కాల్వ తీయండి. మొక్కలు వడిలితే లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేటట్టు పోయండి. నీళ్లు తీసినంక లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) పిచికారీ చేస్తే తేరుకుంటది. వాన సూచన ఉంటే పగిలిన కాయంతా ముందే ఏరించండి. తడిసిందాన్ని చెట్టు మీదనే రెండు రోజుల ఎండకు వదిలి, మంచు ఆరినంక పది గంటలప్పుడు ఏరండి, మంచి పత్తిలో కలపొద్దు. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తది, 12 దాటితే కొనదు. కుప్ప పోస్తే లోపల వేడెక్కి పసుపు రంగు వస్తది గనక టార్పాలిన్ మీద పలుచగా పరిచి, పూటకు రెండుసార్లు తిరగేయండి.