క్యాచర్ కావాలనుకుంటున్న అబ్బాయి: కాలేజీయా, కాంట్రాక్టా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. పదకొండో తరగతి చదువుతున్న మా అబ్బాయి హైస్కూలు బేస్‌బాల్ జట్టులో క్యాచర్. ప్రొఫెషనల్ జట్టు ఏదైనా తీసుకుంటే కాలేజీకి వెళ్లనంటున్నాడు. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: ఆ ఆటలో శరీరాన్ని అన్నిటికంటే ఎక్కువగా అరగదీసే స్థానాన్నే మీ అబ్బాయి ఎంచుకున్నాడు. వికెట్ కీపర్‌తో పోల్చి చూస్తే క్యాచర్ పని సగమే అర్థమవుతుంది. ఏ బంతి వేయాలో పిచర్‌కు (బంతి విసిరేవాడికి) సూచించడం, బేస్ దొంగిలించబోయే, అంటే పిచర్ బంతి వేస్తుండగానే తరువాతి బేస్‌కు పరుగెత్తే, ఆటగాణ్ని ఆపడానికి రెండు సెకన్లలో బంతిని రెండో బేస్‌కు చేర్చడం వంటివన్నీ ఒక్కో ఆటలో వందకు పైగా సార్లు గొంతుక్కూర్చుని లేస్తూ చేయాలి. లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటుకు దక్కే బ్యాటింగ్ టైటిల్‌ను మూడుసార్లు గెలిచిన జో మావర్ 2013లో తలకు తగిలిన దెబ్బతో ఈ స్థానాన్నే వదిలి మొదటి బేస్‌కు మారవలసి వచ్చింది. మరో క్యాచర్ బస్టర్ పోసీ 2011లో, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గర, పరుగెత్తుకొచ్చిన ఆటగాడితో ఢీకొని కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇటువంటి ఢీలను అరికట్టే నియమం 2014లో గాని రాలేదు.

ఆదాయం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అగ్రస్థాయి అయిన మేజర్ లీగ్‌లో కనీస జీతమే ఏడాదికి ఏడు లక్షల డాలర్లు దాటుతుంది గాని, అక్కడికి చేరేలోగా దాని కింది స్థాయి మైనర్ లీగుల్లో ఏళ్లు గడుస్తాయి. 2023 ఒప్పందం మైనర్ లీగుల పై మెట్టయిన ట్రిపుల్-ఏకు నిర్ణయించిన కనీస జీతం 35,800 డాలర్లు. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1988లో 62వ రౌండులో ఎంపికైన క్యాచర్ మైక్ పియాజా హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరిన కథ మీవాడు వినే ఉంటాడు. ఇప్పుడు డ్రాఫ్ట్‌లో ఉన్నవి 20 రౌండ్లే కనుక అంత వెనక ఎంపికయ్యే అవకాశమే లేదు.

అందుచేత కాలేజీ దారే నా సలహా. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది ముగిశాక, లేదా 21 ఏళ్లు నిండాక, మళ్లీ డ్రాఫ్ట్‌కు అర్హత వస్తుంది. పిచర్లను చదవడం, బ్యాటర్ల బలహీనతలను గుర్తుపెట్టుకోవడం ఏళ్లమీద వచ్చే విద్య కనుక ఆ మూడేళ్లు క్యాచర్‌కు వృథా కావు. అయితే బేస్‌బాల్‌లో పూర్తి స్కాలర్‌షిప్ అరుదు కాబట్టి మార్కులే మీకు అండ. ఒకవేళ హైస్కూలు నుంచే సంతకం చేయవలసి వస్తే, తరువాత చదువు ఖర్చు జట్టే భరించే స్కాలర్‌షిప్ హామీని ఆ మొదటి కాంట్రాక్టులోనే రాయించుకోండి.

ఆట ముగిశాక ఈ విద్య అక్కరకు రాకుండా పోదు. ఒకప్పటి క్యాచర్ బ్రూస్ బోచీ మేనేజరుగా (జట్టు ప్రధాన కోచ్‌గా) మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌ను నాలుగుసార్లు గెలిచాడు. పోసీ 34 ఏళ్లకే రిటైరై, 2024లో తన పాత జట్టు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడయ్యాడు.

రెండు పనులు ఇప్పుడే చేయండి. పిచర్లలో చాలామంది డొమినికన్ రిపబ్లిక్, వెనిజులాల నుంచి వస్తారు కనుక అబ్బాయి చేత స్పానిష్ శ్రద్ధగా చదివించండి. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్-1లో ఆడే అర్హతకు హైస్కూల్లో 16 ముఖ్య కోర్సులు కావాలి. వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోగా పూర్తి కావాలి. ఎన్ని అయ్యాయో ఈ నెలలోనే బడి కౌన్సెలర్ దగ్గర సరిచూసుకోండి.