పాఠకుల ప్రశ్నలు: పియానోకు ఎటువంటి దీపం?

ప్రశ్న: మా ఇంట్లో నల్లటి పాలిష్ ఉన్న పాత అప్‌రైట్ (నిలువుగా ఉండే) పియానోను హాలులో గోడకు ఆనించి పెట్టుకున్నాము. ట్యూబులైటు ఎదుటి గోడకు, అంటే వాయించేవారి వీపు వెనుక ఉండడం వల్ల సాయంత్రం పూట తల నీడ సరిగ్గా స్వరాల (నోట్స్) పుస్తకం మీదే పడుతోంది. మా అమ్మాయి ట్రినిటీ సంగీత గ్రేడు పరీక్షకు సాధన చేస్తోంది. 68 ఏళ్ల మా అత్తగారు కూడా రాత్రి భోజనానికి ముందు కాసేపు కీర్తనలు వాయించుకుంటారు. తిరుపతిలో ఒక దుకాణంవారు క్లిప్పుతో తగిలించే చిన్న లైటు చాలన్నారు. మావారికి ఆన్‌లైన్‌లో చూసిన ఇత్తడి దీపం నచ్చింది. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఈ రెండింటిలో మీవారు చూసిన దీపమే మేలు. అయితే దానిని ఇత్తడి మెరుపు చూసి కాక, వెలుగు వచ్చే భాగం ఎంత పొడవుందో చూసి కొనాలి. ఎ4 పుటలు రెండు పక్కపక్కన విప్పితే 42 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. పుట తిప్పే పని తప్పించుకోవడానికి పిల్లలు జిరాక్సు తీసి మూడో పుటను కూడా పక్కన పెట్టుకుంటే అది 63 సెంటీమీటర్లవుతుంది. క్లిప్పు లైటు ఇందులో ఒక పుట నడుమ గుండ్రంగా వెలుగు పోసి అంచులను చీకట్లో వదిలేస్తుంది. పైగా దాని కొరుకు పాత చెక్క పాలిష్ మీద మచ్చగా మిగిలిపోతుంది. పలుచని స్టాండు ఉన్న డిజిటల్ పియానోకైతే దానితో సరిపెట్టుకోవచ్చు గాని మీ పియానోకు అది తగదు.

అప్‌రైట్ పియానో కోసమే చేసే దీపాలకు బరువైన దిమ్మ ఒకటి ఉంటుంది. దానిని పియానో పైమూత మీద వెనక్కి జరిపి పెడితే, అక్కడి నుంచి ఒక చేయి ముందుకు చాచుకుని వచ్చి, దాని చివరనున్న పొడవాటి గొట్టంలాంటి కప్పు వెలుగును కిందికి, పుటల మీదికి దించుతుంది. చేయి ఎంత ముందుకు వస్తే దిమ్మ అంత బరువుగా ఉండాలి. వేలితో కప్పును తాకితే ఊగిపోయే దీపాన్ని కొనవద్దు. కప్పు పొడవు 40 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి. చూడముచ్చటగా ఉండే ఇత్తడి దీపాలలో చాలావాటికి కప్పు ఇంతకంటే చిన్నదిగా ఉంటుంది. దిమ్మ అడుగున రబ్బరు బిళ్లలుంటే కొన్ని రకాల పాలిష్ మీద కాలక్రమేణా మరక పడుతుంది కనుక మందపాటి ఫెల్టు గుడ్డ వేయండి. ఆ పైమూత మీదే నీళ్లు పోసిన పూలకుండీ కూడా ఉంచే అలవాటుంటే, దీపం కంటే ముందు దానిని అక్కడి నుంచి తీసేయడం అవసరం.

నల్లటి పాలిష్ అద్దంలాంటిది. మీ ట్యూబులైటు నీడను పడేయడమే కాక, పియానో ముందు పలకలో తెల్లటి గీతలా ప్రతిఫలించి కళ్లను లాగుతూ ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దానిని పక్క గోడకు మార్పించండి. దీపం కొన్నా కొనకపోయినా చేయదగిన పని ఇది. కొత్త దీపానికి కూడా ఒక పరీక్ష ఉంది. పుస్తకం ఉండే చోట చిన్న చేతి అద్దాన్ని ఆనించి, వాయించేవారి బల్ల మీద కూర్చుని అందులోకి చూడండి. అద్దంలో బల్బు కనిపిస్తే, నున్నటి కాగితం మీద కూడా అదే చోట మెరుపు వచ్చి స్వరాలను మింగేస్తుంది. బల్బు కనిపించకుండా పోయేదాకా కప్పును తిప్పాలి. మీ అమ్మాయి, అత్తగారు ఒకే ఎత్తులో కూర్చోరు కనుక ఇద్దరినీ కూర్చోబెట్టి చూడడం మంచిది.

వెలుగు ఎంత ఉండాలన్నది మనిషిని బట్టి మారుతుంది. పుట మీద సుమారు 500 లక్స్ (పడే వెలుగుకు కొలత) ఉంటే పిల్లలకు ధారాళంగా సరిపోతుంది. అరవై దాటినవారిలో కంటిపాప కుంచించుకుపోయి, కటకం పచ్చబారి, ఇరవై ఏళ్లవారితో పోలిస్తే కంటి లోపలికి చేరే వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. అందువల్ల వెలుగును తగ్గించి పెంచుకునే వీలున్న ఎల్‌ఈడీ దీపం మీ ఇంటికి తప్పనిసరి. దీపం వెలిగించామని హాలులో ట్యూబులైటు ఆర్పవద్దు. పుట మాత్రమే వెలిగి, 122 సెంటీమీటర్ల మేర పరుచుకున్న మీటలు మసకగా ఉంటే కన్ను పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ సర్దుకోవలసి వచ్చి త్వరగా అలసిపోతుంది.

వెలుగు రంగు విషయంలో 3000 నుంచి 4000 కెల్విన్ మధ్య, అంటే లేత పసుపు ఛాయ నుంచి మామూలు తెలుపు వరకు, ఏదైనా సరే. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో తెలిపేదని అమ్మేవారు గొప్పగా చెప్పే సీఆర్‌ఐ అంకె తెల్ల కాగితం మీది నల్ల స్వరాలకు పెద్దగా అక్కరలేదు. దీపం మినుకుమనడం మాత్రం ముఖ్యమైన సంగతి: మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి, వెలుగు తగ్గించి మరీ చూడండి. తెర మీద నల్లటి పట్టీలు పాకితే ఆ దీపం వద్దు.

ఇంటికి తెచ్చాక ఎడమ చివరి నుంచి కుడి చివరికి 88 మీటలనూ ఒక్కొక్కటిగా గట్టిగా నొక్కి వినండి. ఏదో ఒక స్వరం దగ్గర అనునాదం వల్ల, అంటే ఆ స్వరపు కంపనానికి తానూ కంపించి, దీపం కప్పు గాని, మర (స్క్రూ) గాని, దీపపు చేయి కీలు గాని జుయ్యిమని మోగవచ్చు. ఆ మోత పియానోదే అనుకుని ట్యూనరును పిలిపించి డబ్బు పోగొట్టుకునేవారున్నారు. దీపాన్ని చేత్తో పట్టుకుని అదే మీటను మళ్లీ నొక్కితే తేలిపోతుంది. మరలు బిగించినా, సందులో చిన్న ఫెల్టు ముక్క పెట్టినా ఆగకపోతే దీపాన్ని వాపసు చేయండి.

మన వైపు అక్టోబరు, నవంబరు వానల్లో సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్లు మూగి, రెక్కలు రాల్చి మీటల సందుల్లో దూరతాయి. వాన వెలిసిన పూట కిటికీలు మూసి, ఇంటి బయట ఒక లైటు వెలిగించి, లోపల సాధనను గంటసేపు వాయిదా వేయడమే ఉపాయం.

మీ అత్తగారి విషయంలో ఇంకొకటి. చదువుకునే కళ్లద్దాలను సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరానికి ఇస్తారు. పియానో మీది పుస్తకం 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఎంత మంచి దీపం పెట్టినా ఆ అద్దాలతో అంత దూరంలో కనిపించే మసక పోదు. ఆమెను బల్ల మీద అలవాటుగా కూర్చోమని, కంటి నుంచి పుట వరకు టేపుతో కొలిచి, ఆ అంకెను చీటీ మీద రాసుకుని కంటి వైద్యునికి చూపించండి. ఆ దూరానికి విడిగా ఒక జత అద్దాలు రాసిస్తారు.