ఒలింపిక్స్ కామెంటేటర్లు నిజంగా స్టేడియంలోనే కూర్చుని మాట్లాడతారా?

అందరూ కాదు. చాలామంది సొంత దేశంలోనే స్టూడియోలో కూర్చుని, మనలాగే స్క్రీన్ చూస్తూ చెబుతారు. ఆ రంగంలో దీన్ని ‘ఆఫ్ ట్యూబ్’ అంటారు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి అమెరికా ఛానెల్ ఎన్‌బీసీ తన కామెంటేటర్లను చైనాకు పంపకుండా కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్ నుంచే మాట్లాడించింది. అప్పుడంటే కోవిడ్. మామూలు రోజుల్లో మాత్రం అసలు కారణం ఖర్చే.

ఇది కుదరడానికి కారణం ఓబీఎస్. ఒలింపిక్ కమిటీకి చెందిన ఈ సంస్థే ఆటలన్నీ షూట్ చేసి, హక్కులు కొన్న ఛానెళ్లన్నిటికీ ఒకే ఫీడ్ ఇస్తుంది. జనం హోరు కూడా ఆ ఫీడ్‌లోనే వస్తుంది కాబట్టి మనం తేడా పట్టలేం.

ఇబ్బందల్లా చూపు దగ్గరే. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా రెండో త్రో విసిరి, ఈటె నేలను తాకకముందే వెనక్కి తిరిగి చేతులు పైకెత్తాడు. దూరం 87.58 మీటర్లు, స్వర్ణం. స్టేడియంలో ఉన్నవాళ్లు ఈటెనీ చూడొచ్చు, అతన్నీ చూడొచ్చు. స్క్రీన్ ముందున్నవాళ్లకు డైరెక్టర్ వేసిన షాటే దిక్కు. పక్క అథ్లెట్ మొహం ఎలా మాడిపోయిందో చెప్పాలన్నా కెమెరా అటు తిరగాల్సిందే.

బ్యాడ్మింటన్‌లో నష్టం తక్కువ, కోర్టు మొత్తం ఒకే ఫ్రేములో పడుతుంది. ఇక మారథాన్ అంటారా, అక్కడికి వెళ్లి కూర్చున్నవాళ్లు కూడా చూసేది టీవీనే!